అతుకు విడిచిన చోటు

జిగురు ఇంకా చిక్కబడలేదు, చిక్కబడేదాకా ఆగాలి, ఆగడమే నాకు చేతకాని పని, గిన్నెలో నీళ్ళు మరిగాయంటే జిగురు చచ్చినట్టే, మరగకూడదు, చల్లారకూడదు, తోలు ఉడికించి తీసిన ఈ జిగురుకున్నన్ని నఖరాలు మా ఆవిడకి కూడా లేవండీ అని గిరాకీల ముందు అంటుండేవాణ్ణి, తనూ నవ్వేది, ఇప్పుడు నవ్వడానికి ఇంట్లో ఎవరున్నారు గనక, నేనూ ఈ వయొలినూ ఉన్నాం, పక్క పట్టీ మూడు ముక్కలై, పై పలక సగం లేచిపోయి, మెడ ఊడి, బల్ల మీద పడుంది, మధ్యాహ్నం వదిన వస్తానంది, వదినంటే మా ఆవిడ అక్క, ఎనిమిది రోజులుగా మా ఆవిడ ఉంటున్నది వాళ్ళింట్లోనే, ఫోన్ చేస్తే ఒక్కటే మాట, ముందు వయొలిన్ సంగతి తేలనివ్వండి, నా సంగతి తర్వాత, అని పెట్టేసింది, అందుకని వదిన వచ్చి దీన్ని చూసి వెళ్ళి చెప్పాలి, ఇది బాగుపడితే తను వస్తుంది, నాకు తెలుసు, రాక ఎక్కడికి పోతుంది.

విరిచింది నేనే, అలమార మీంచి జారి పడలేదు, పిల్లి తొయ్యలేదు, ఈ గదిలోనే, ఈ బల్ల అంచుకేసి, ఈ చేతుల్తోనే, నూటయాభై ఏళ్ళ వాద్యం, మామగారి గురువుగారి నుంచి మామగారికీ, ఆయన పోయాక మా ఆవిడకీ వచ్చింది, ముందుగదిలో పిల్లలకి పాఠం చెప్పేది దీంతోనే, ఎందుకు విరిచావంటే ఏం చెప్పను, పళ్ళ డాక్టరు బాగుకిచ్చిన తన వయొలిన్ కోసం వచ్చాడు, వాయించి చూసుకుని బాగుందన్నాడు, అంతలో మా ఆవిడ తన వయొలిన్ చేత్తో పట్టుకునే ముందుగదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి, తీగల కింద బ్రిడ్జి కాస్త మందమైందేమో, గొంతు పట్టేసినట్టుంది, అంది, అంతే, అంత చిన్న మాట, డాక్టరు నా మొహం వంక చూశాడు, తల తీసేసినట్టయింది, ముప్పై ఏళ్ళుగా ఉలి పట్టినవాణ్ణి, నా బల్ల దగ్గర, నా గిరాకీ ముందు, అయినా నవ్వాను, రేపు రండి, పలచగా చెక్కి ఇస్తాను అన్నాను, ఆయన వయొలిన్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు, తలుపు వేశాను, గొళ్ళెం కూడా పెట్టాను, అరికాలి మంట నెత్తికెక్కింది, మొదటి దెబ్బ వీపు మీద, రెండోది జబ్బ మీద, గోడకి చేరబడిపోయింది, నోరు మెదపలేదు, ఆ మెదపకపోవడం చూస్తే ఇంకా ఒళ్ళు మండింది, చేతిలోని వయొలిన్ లాక్కున్నాను, వదల్లేదు, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి లాక్కున్నాను, కొట్టాను, ఫెళ్ళుమంది, మళ్ళీ కొట్టాను, తీగలు తెగి నా చెంప మీద గీసుకుపోయాయి, అప్పుడు అరిచింది, తనని కొట్టినప్పుడు అరవని మనిషి, నాన్నా, అని అరిచింది, అన్నిటికన్నా మంట ఏమిటంటే తను చెప్పింది నిజమే, మర్నాడు బ్రిడ్జి చెక్కేసరికి డాక్టరు వయొలిన్ గొంతు హాయిగా విచ్చుకుంది.

వదినకి చెప్పాను, ఫోన్లో ఏడ్చినంత పని చేశాను, నాకు కోపం వస్తే కళ్ళు కనపడవు వదినా, మా నాన్నకీ అంతే, ఆ క్షణంలో నేను నేను కాను అన్నాను, ఆ ముక్క పదకొండేళ్ళుగా వింటున్నాంలే అంది, ఎంత పొగరు, ఎదురుగా ఉంటే, ఏం చేసేవాణ్ణి, ఏమీ చేసేవాణ్ణి కాదు, ఆవిడ మొగుడు పక్కనే ఉంటాడుగా, ఛ, ఈ ముక్క కుదరదేం, పట్టీలో మూడో ముక్క, వెంట్రుకవాసి ఎక్కువైంది, కుదరవే, కుదురు, బొటనవేలితో అదిమితే కత్తి జారి వేలు కోసుకుంది, నెత్తురు, పాత కర్ర మీద పడకముందే చొక్కాతో తుడిచాను, సుత్తి తీసుకుని మొత్తం పిండి పిండి చేసి పొయ్యిలో పారేద్దామనిపించింది, పళ్ళు నూరుకుని కూచున్నాను, ఒకటి, రెండు, మూడు, పది లెక్కపెట్టాను, ముక్క కూచుంది. జిగురు రాశాను. బిగింపు పెట్టాను.

ఇక పై పలక, జిగురు లేకుండా ముందు ఆనించి చూడాలి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకి అడ్డంగా పట్టుకున్నాను, పగులు ఎక్కడుందో చూద్దామని, లేదు, తిప్పి చూశాను, లేదు, ఒక్కటంటే ఒక్క పగులు లేదు, దేవుడు నా మొహం చూశాడు అనుకున్నాను, అంత బలంగా కొడితే ఈ పలక పైనుంచి కిందికి నిలువునా చీలాలి, చీలిందా ఇక అంతే, ఎంత అతికినా ఆ గొంతు రాదు, నా దగ్గరికి విరిగినవి తెచ్చేవాళ్ళు ఎన్ని కథలు చెప్తారని, కింద పడిందంటారు, నేను విరుగు చూసి, పడలేదండీ, ఎవరో దీని మీద కూచున్నారు అని చెప్తాను, వాళ్ళు నాలుక కరుచుకుంటారు, ఆ పని నాకు వెన్నతో పెట్టిన విద్య, మరి ఇది ఎలా విరిగిందో చూడు, వేరే ఎవరో తెచ్చిందనుకుని చూడు, దెబ్బ తగిలింది ఎడమ వైపు కింద పట్టీ మీద, రెండేళ్ళ కిందట నేనే కొత్త కర్ర వేసిన చోట, పాతదేమీ పోలేదు, పై పలక లేచిపోయింది జిగురు దగ్గరే, ఆ జిగురు మేం కావాలనే పలచగా రాస్తాం, ఎప్పుడైనా దెబ్బ తగిలితే కర్ర చీలకుండా అతుకు విడిపోవాలని, మెడ కూడా అతుకు దగ్గరే ఊడింది, శుభ్రంగా, ఎవరు విరిచారో గానీ దీన్ని ఎలా మళ్ళీ బాగుచెయ్యొచ్చో తెలిసినవాడు విరిచాడు, ఎక్కడ కొడితే పోదో తెలిసినవాడు, ఈ ఇంట్లో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, మరి డాక్టరు వయొలిన్, అది బల్ల మీదే ఉంది కదా, దానికి గీత కూడా పడలేదేం, నేనే తీశాను, ఎడమచేత్తో తీసి పై అరలో గుడ్డ మీద పెట్టాను, పెట్టి, అది దొర్లకుండా ఆసరా కూడా పెట్టి, అప్పుడు తిరిగి, చేతిలో దీన్ని కూడా తిప్పి పట్టుకున్నాను, కొత్త కర్ర బల్ల అంచుకి తగిలేలా.

వీపు, జబ్బ, నడుం, పదకొండేళ్ళలో ఒక్కసారి మొహం మీద కొట్టలేదు, అదే నా మంచితనం అనుకున్నాను, వాయించే ఎడమచేతి జోలికి వెళ్ళలేదు, పాఠానికి వచ్చే పిల్లలు ఎప్పుడూ ఏమీ చూడలేదు, ఎండాకాలంలో కూడా తను పొడుగు చేతులే వేసుకునేది, గంట మోగింది, వదిన, లోపలికొచ్చి కూచోలేదు, బల్ల దగ్గర నిలబడి బిగింపుల మధ్య ఉన్నదాన్ని చూసింది, బాగవుతుందా అంది, అవుతుంది వదినా, గీత కూడా కనపడదు అన్నాను, మా నాన్న వయొలిన్ బాగైతే చెల్లి వచ్చేస్తానంటోంది, పిచ్చిది, నాకిష్టం లేదు, అయినా దాని ఇష్టం, ఏమని చెప్పమంటావు అంది, ఎనిమిది రోజులుగా కట్టుకున్న మాటలన్నీ ఉన్నాయి, మారిపోయానని, ఒట్టేస్తానని, ఇంకెప్పుడూ చెయ్యెత్తనని, నోరు తెరిస్తే అవి రాలేదు, రావద్దని చెప్పండి అన్నాను, వదిన ఒక అడుగు వెనక్కి వేసింది, మళ్ళీ కోపమా అంది, కోపం కాదు, వయొలిన్ నేనే తెచ్చి మీ గుమ్మం దగ్గర పెట్టి వెళ్తాను, తను మాత్రం రావద్దు, నాకు అన్నీ కనపడుతూనే ఉన్నాయి వదినా, ఇన్నేళ్ళూ చూసుకునే కొట్టాను.