జెనవీవ్ హస్తవాసి

ఆగస్టు వచ్చిందంటే మా లాకవానా ఊళ్ళో ఎవరికీ వేరే పని ఉండదు. అమెరికా ఫుట్‌బాల్ సీజన్ మొదటి ఆటలో మా జట్టు తరఫున దిగే ఇరవై ఇద్దరూ, దాడికి పదకొండుమంది, కాపుకి పదకొండుమంది, ఎవరెవరో ముందే చెప్పెయ్యాలి. కోచ్‌కే ఇంకా తెలిసి ఉండదు, అయినా మాకు తెలియాలి. శుక్రవారం సాయంత్రం టాడ్ ఓకోన్‌స్కీ బార్లో వేయించిన చేప తింటూ తలా ఒక కాగితం మీద పేర్లు రాసిస్తాం. టాడ్ వాటిని పైకి చదివి గోడకి అంటిస్తాడు. అంటించాక మార్చడానికి వీల్లేదు. అందరికంటే ఎక్కువ తప్పులు రాసినవాళ్ళు మొదటి ఆటనాడు స్టేడియం బయట, ఎదుటి జట్టు చొక్కా తొడుక్కుని ఊరందరికీ సాసేజీలు కాల్చిపెట్టాలి. అసలు కాగితమే ఇవ్వనివాళ్ళు సీజనంతా ఆట గురించి నోరెత్తకూడదు. నోరు మూసుకుని బతకడం నావల్ల కాదు. అందుకని ఏటా రాస్తాను.

నిజానికి నేను రాయకూడదు. నా హస్తవాసి మంచిది కాదు. ఏటా నా కాగితంలో ఉన్నవాళ్ళలో ఒకడు తప్పకుండా మంచాన పడతాడు. ఈ సంగతి మా ఆయనకి కూడా చెప్పకుండానే ఆయన్ని సాగనంపాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వకపోతే ఇంకా ప్రమాదం, నన్ను ఊళ్ళోంచి తరిమేస్తారు.

ఈ ఏడు మా మేడ మీద వాటాలో ఎజ్రా టిల్మన్ అద్దెకి దిగాడు. మిసిసిపీ నుంచి వచ్చిన కుర్రాడు, తలుపంత మనిషి. మా జట్టులో ఎడమ గార్డు స్థానం కోసం హాల్‌బర్గ్ అనే వాడితో పోటీ పడుతున్నాడు. గార్డంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడేవాడు. గెలిస్తే ఉంటాడు, ఓడితే సంచీ సర్దుకుని ఇంటికి పోతాడు. నన్ను “అమ్మగారూ” అంటాడు. ఈ ఊళ్ళో అరవై ఏళ్ళుగా నన్నెవరూ అలా పిలిచిన పాపాన పోలేదు. అడక్కుండానే నా చెత్తడబ్బాలు వీధిలో పెడతాడు. వాడి పేరు నా చేత్తో ఎలా రాస్తాను చెప్పండి? మిగతావన్నీ పేపరు చూసి దించేసి, ఎడమ గార్డు దగ్గర మాత్రం హాల్‌బర్గ్ అని రాశాను.

టాడ్ చదవడం మొదలుపెట్టాడు. ఎవరి కాగితం చూసినా ఎడమ గార్డు ఎజ్రాయే. వాడు పాపం రోమన్ ష్ముడ్ ఇంట్లో బట్టలుతికే మిషను ఒక్కడే నేలమాళిగలోకి దింపాడు మరి, ఊరంతా వాడికి పడిపోయింది. చివర నాది చదివాడు.

“ఎడమ గార్డు... హాల్‌బర్గ్.”

ఫోర్కులు ఆగిపోయాయి. రోమన్ నావైపు తిరిగాడు. ఉక్కు మిల్లు మూతపడ్డప్పటి నుంచి లోకంలో అన్నీ తనకే తెలుసన్న ధీమాతో తిరిగే మనిషి వాడు.

“ఏం జెనీ, నీ ఇంట్లో ఉన్నవాణ్ణే నువ్వు రాయలేదేంటి?”

“నా ఇష్టం.”

“వాడి మోకాలేమైనా పాడైందా?”

“మోకాలూ లేదు, నీ బొందా లేదు. చేప తిను, చల్లారిపోతోంది.”

“చూశారా, దాస్తోంది! రోజూ వాడు మెట్లెక్కడం చూస్తుంది కదా. మోకాలు పోయిందిరా నాయనా!”

నేను ఎంత అరిస్తే వాళ్ళకి అంత నమ్మకం కుదిరింది. మావాళ్ళ సంగతి అంతే. డాక్టరు చెబితే వినరు గానీ, ఇల్లుగలావిడ కాగితం మీద రాస్తే అదే ఎక్స్‌రే. తెల్లారేసరికి రేడియోలో ఆటల కబుర్లు చెప్పేవాడు కూడా అందుకున్నాడు. “టిల్మన్ మోకాలు అయిపోయినట్టే, సొంత ఇంటావిడే ఆశ వదులుకుంది” అని. విని రేడియో ఠక్కున కట్టేశాను.

ఆదివారం పొద్దున్న ఎజ్రా కిందికొచ్చి నా వంటింట్లో కూర్చున్నాడు. నేను పెట్టిన అట్లు ముట్టుకోలేదు.

“రేపు నా మోకాలు పరీక్ష చేస్తారట అమ్మగారూ. జట్టులో ఎవరుంటారో మంగళవారం జాబితా పెడతారు. అనుమానం ఉన్నవాణ్ణి ఎవరుంచుకుంటారు?”

“నీ మోకాలికేం? గుండ్రాయిలా ఉంది.”

“మరి మీరెందుకు రాయలేదు? ఊళ్ళో అందరూ రాశారు. మీరొక్కరే...” అని తల దించుకున్నాడు. “మీకు నా ఆట నచ్చదా?”

ఏం చెప్పను? నిన్ను కాపాడదామని నీ కొంప ముంచానురా అని చెప్పనా? “తిను ముందు” అని కసిరి, కోటు తగిలించుకుని తిన్నగా టాడ్ బార్‌కి నడిచాను.

ఆదివారం కదా, చర్చి నుంచి తిన్నగా అందరూ అక్కడే చేరారు. బల్ల మీద చేత్తో బాది చెప్పేశాను.

“వినండి. వాడి మోకాలు బంగారం. నా చెయ్యే పాడుది. నేను పేరు రాస్తే ఆ మనిషి పడిపోతాడు. అందుకే రాయలేదు.”

అందరూ విరగబడి నవ్వారు. రోమన్ అయితే కళ్ళు తుడుచుకున్నాడు.

“ఓసి పిచ్చిదానా! ఈ ఆటలో ఎవరి కాగితం తీసినా ఎవడో ఒకడు కాలు విరగ్గొట్టుకుంటాడే.”

“మరి ఆ ఏడు బంతి అందుకునేవాడు, జట్టు బస్సు దిగుతూ నడుం పట్టేసినవాడు? వాణ్ణి ఎవరు రాశారు?”

“అందరం రాశాం.”

“లేదు, మీరంతా కొత్తవాణ్ణి రాశారు. నేనొక్కదాన్నే పాతవాణ్ణి రాశాను. మరి సొంత స్నానాలగదిలో జారిపడ్డవాడు?”

నవ్వు తగ్గింది. టాడ్ గ్లాసు తుడవడం ఆపేశాడు.

“అవునర్రా,” అన్నాడు మెల్లిగా. “వాణ్ణి కూడా ఈవిడొక్కతే రాసింది. నాకు గుర్తుంది.”

అప్పుడు అందరి తలలూ ఒక్కసారి గోడవైపు తిరిగాయి. రోమన్ ముఖం పాలిపోయింది.

“కొంప మునిగింది! క్వార్టర్‌బ్యాక్ పేరు రాశావు కదే!”

“రాయక? ఆయన కాకపోతే ఇంకెవరు దిగుతారు?”

“చెరిపెయ్! తియ్యండ్రా ఆ కాగితం!”

అంటించిన కాగితాన్ని ముట్టుకోవడం ఆ బార్లో ఎన్నడూ జరగలేదు. టాడ్ వాళ్ళ నాన్న చనిపోయిన ఏడు కూడా, ఆయన కాగితం ఆయన తప్పులతో సహా గోడమీదే ఉంది. ఆ రోజు మాత్రం టాడే స్వయంగా పీకి, పెన్ను నా చేతిలో పెట్టి, గుండెల మీద సిలువ గీసుకున్నాడు. ఒక్కొక్క పేరూ కొట్టేస్తూ వచ్చాను.

“హాల్‌బర్గ్‌ని ఉంచెయ్,” అని రోమన్ చెవిలో గొణిగాడు. “మనవాడికి అడ్డు తొలగిపోతుంది.”

“సిగ్గులేదూ? గెలిస్తే ఆడి గెలవాలి గానీ నా చేతి దరిద్రంతోనా?” అని ఆ పేరు మీద రెండుసార్లు గీత పెట్టాను.

ఖాళీ కాగితం ఇస్తే సీజనంతా నోరెత్తకూడదు. అందుకని రోమనే ఉపాయం చెప్పాడు. మొదటి ఆటలో మాకు ఎదురు దిగేవాళ్ళ పేర్లు ఇరవై రెండూ నాచేత రాయించాడు, పక్కనే నిలబడి, మంచి అక్షరాలతో. ఆ తర్వాత రేడియోకి ఫోను చేసి “మోకాలు కాదు బాబూ, మా జెనీ పిచ్చి” అని మొత్తం విప్పి చెప్పాడు. ఆ వారమంతా పక్క ఊళ్ళవాళ్ళు కూడా నన్ను చూసి, నా చెయ్యి తగులుతుందేమోనని చేతులు వెనక్కి దాచుకున్నారు.

నవ్వితే నవ్వారు. సోమవారం డాక్టర్లు మోకాలు మడిచి, చాచి, ఏమీ లేదన్నారు. మంగళవారం జాబితాలో ఎజ్రా పేరుంది. మొదటి ఆటకి ముందు కోచ్ ఎడమ గార్డు టిల్మన్ అని ప్రకటించాడు. ఎవరి కాలూ విరగలేదు, హాల్‌బర్గ్ చక్కగా బెంచీ మీద కూర్చున్నాడు.

నాకు ఒక్క పేరూ సరిపోలేదు కనుక ఆ ఆదివారం శత్రువుల చొక్కా తొడుక్కుని, పొగలో కళ్ళు మండుతుంటే సాసేజీలు కాల్చాను. లోపల మైకులో ఎజ్రా పేరు పిలిచినప్పుడు జనం చేసిన గోల బయటికి వినిపించింది. పట్టకారు పట్టుకునే భోరుమన్నాను. కాసేపటికి ఎదుటి జట్టులో పేరుమోసిన పరుగువీరుడు తొడ పట్టేసి కుంటుకుంటూ బయటికి పోయాడని రేడియో చెప్పింది. వరసలో నిలబడ్డవాళ్ళంతా ఒక అడుగు వెనక్కి వేశారు.

సాయంత్రం నేను అట్లు పోసి పెట్టేసరికి ఎజ్రా వంటింట్లోకి వచ్చాడు. చొక్కా నిండా గడ్డి మరకలు, మొహం నిండా నవ్వు.

“రోమన్ గారు అంతా చెప్పారు అమ్మగారూ. ఇలాంటివి నేను నమ్మను.”

“నమ్మకు నాయనా. నేనూ నమ్మను.”

“మంచిది,” అని జేబులోంచి ఒక కాగితం, పెన్ను తీసి నా ముందు పెట్టాడు. వచ్చే వారం మా మీద ఆడబోయేవాళ్ళ పేర్లు, అచ్చు వేసినవి. “ఊరికే, సరదాకి. ఒకసారి మీ చేత్తో రాయండి.”

వీణ్ణి చూసి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. కూర్చుని రాశాను. అంతా అయ్యాక వాడు చూసుకుని, వేలితో చూపించాడు.

“ఎడమ గార్డు దగ్గర ఖాళీ వదిలేశారు.”

“తెలుసులే.”

“ఎందుకమ్మగారూ?”

“వాడూ ఎవరి మేడ మీదో ఉండే ఉంటాడు కదరా,” అన్నాను. “అట్లు చల్లారిపోతున్నాయి, తిను.”