పంతొమ్మిదని రాశాను

నా రిజిస్టరులో తొలికాన్పుకి వచ్చిన పిల్లలందరికీ పంతొమ్మిదేళ్ళే. ఇరవై రెండేళ్ళుగా నర్సుగా మూడు ఊళ్ళు తిరుగుతున్నాను, ఒక్కదానికీ పద్దెనిమిది లేదు. పద్దెనిమిదని రాస్తే పై ఆఫీసువాళ్ళు నిజంగా నిండాయా అని ఆరా తీస్తారు. పదిహేనని రాస్తే గర్భిణి కార్డు మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాలి. అలా చుట్టిన పిల్లని నొప్పులు రాగానే మధ్యలో ఎక్కడా ఆపకుండా గుంటూరు పంపేస్తారు. మంచి పద్ధతే, కాదనను. కానీ ఎర్ర సున్నా కనబడితే నాలుగు రోజుల్లో ఆఫీసు జీపు వస్తుంది. పెళ్ళెప్పుడు చేశారు, ఎవరు చేశారు అని ఇంటి మీద పడతారు. జీపు వెళ్ళాక ఊరు నా మీద పడుతుంది.

ఒకసారి చుట్టాను, తొంభై ఏడులో. ఆర్నెల్లపాటు ఆ వీధిలో నాకు గుక్కెడు నీళ్ళు పోసినవాళ్ళు లేరు. పసిపిల్లలకి టీకాలు కూడా వేయించుకోలేదు. ఇక అప్పట్నుంచీ పంతొమ్మిదే. చెయ్యి అలవాటుగా రాసేస్తుంది.

శ్రీరమ్య విషయంలో మాత్రం నాకు తెలియదనడానికి లేదు. ఆ పిల్ల బొడ్డు కోసింది నేనే. తొంభై మే తుఫానుకి రోడ్లు తెగిపోతే, ఇంట్లో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, మంచం మీద వాళ్ళమ్మ వెంకటేశ్వరమ్మకి పురుడు పోశాను. రెండువేల అయిదు సెప్టెంబరులో అదే వెంకటేశ్వరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని సబ్‌సెంటరుకి వచ్చింది. పిల్లకి నాలుగో నెల. తొమ్మిదో తరగతి అయ్యీ అవగానే, ఆ వేసవిలోనే, తన తమ్ముడు కోటేష్‌కిచ్చి చేసింది. కోటేష్‌కి ఇరవై ఆరు. ట్రాలీ ఆటోలో మిర్చియార్డుకి బస్తాలు తోలుతాడు. తాగడు, తిట్టడు. చెడ్డవాడైతే నాలుగు కడిగేద్దును. వీళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అదే నాకు ఒళ్ళు మండేది.

"ఏమే, నీకు బుద్ధుందా? బళ్ళో కూర్చోవాల్సిన పిల్లని తెచ్చి ఈ బల్ల మీద పడుకోబెడతావా?" అన్నాను.

"పెద్దమనిషై రెండేళ్ళయింది నర్సమ్మగారూ. పొద్దున్నే నేనూ మా ఆయనా చేలోకి పోతాం. ఇంట్లో ఒంటరిగా ఆడపిల్ల. ఎవడి కన్ను పడుద్దోనని రోజూ చచ్చి బతికాను. పరాయోడికిచ్చానా? నా తమ్ముడికేగా. అత్తంటే ఎవరు, దాని సొంత అమ్మమ్మ. కడుపులో పెట్టుకుని చూసుకుంటది."

"పిల్ల నడుము ఎముకలు ఇంకా ఎదగలేదే. వాటిని కూడా మీ అమ్మే పెంచుద్దా?"

వెంకటేశ్వరమ్మ వంగి నా కాళ్ళు పట్టుకోబోయింది. "పంతొమ్మిదని రాయండి. లేకపోతే మా తమ్ముణ్ణి స్టేషన్లో కూర్చోబెడతారు. మీకు దణ్ణం పెడతా."

శ్రీరమ్య బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతూ గోడ మీద పోస్టరు చదువుకుంటోంది. మనిషి నాలుగడుగుల ఏడంగుళాలు. కార్డు మీద వయసు ముందు ఖాళీ వదిలి మిగతాదంతా రాసి, చివరికి పంతొమ్మిదని రాశాను. ఏదో బాధపడుతూ రాశాననుకోకండి. ఎండ దంచేస్తోంది, వరండాలో ఇంకా పదకొండుమంది ఉన్నారు, నా మోకాళ్ళు లాగేస్తున్నాయి. విసుక్కుంటూ రాశాను. నొప్పులు మొదలవగానే నేనే దగ్గరుండి గుంటూరు తీసుకెళ్తానని చెప్పి, ముందు నాకు కబురు చెయ్యాలని మాత్రం వెంకటేశ్వరమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను.

ఫిబ్రవరి ఆఖర్న, తెల్లవారుతుండగా నొప్పులొచ్చాయి. నేను పక్క ఊళ్ళో పోలియో చుక్కలు వేస్తున్నాను. కబురు అందేసరికి పది దాటింది. గుంటూరు దాకా పిల్ల ఓర్చుకోలేదని కోటేష్ భయపడి, దారిలో టౌనులో ఉన్న చిన్న ఆసుపత్రిలో చేర్పించాడట. బస్సు దిగి నేను లోపలికి వెళ్ళేసరికి పన్నెండు. శ్రీరమ్య మంచం ఊచ పట్టుకుని, "మావయ్యా, ఇంటికెళ్దాం" అని ఏడుస్తోంది.

డాక్టరమ్మది చిన్న వయసు. ఆమె దగ్గరికి పరుగెత్తాను.

"మేడమ్, ఆ పిల్లకి పదిహేనే. గుంటూరు పంపించెయ్యండి."

ఆమె కార్డు తీసి నా ముందు పెట్టింది. "ఇది మీ రాతే కదా సిస్టర్?"

"నా రాతే. అబద్ధం రాశాను."

ఆమె నన్నొకసారి చూసి, వెంకటేశ్వరమ్మని పిలిచింది. "ఏమ్మా, నీ కూతురికి ఎన్నేళ్ళు?"

వెంకటేశ్వరమ్మ గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి వంక చూసింది. "పంతొమ్మిదండి. నర్సమ్మగారు కంగారులో ఏదో అంటన్నారు."

"ఓసి నీ నోరు పడ! నీకు పురుడు పోసింది నేను కాదటే?" అని అరిచాను. లోపల కేసులున్నాయని నన్ను బయటికి పంపేశారు. తొలికాన్పు ఆలస్యమవుతుంది, సాయంత్రం దాకా చూద్దామంది డాక్టరమ్మ. ఆవిడ తప్పేముంది? కన్నతల్లీ పంతొమ్మిదే అంది, నా కార్డూ పంతొమ్మిదే అంది.

రెండున్నరకి బిడ్డ గుండె చప్పుడు తగ్గింది. అప్పుడు ఆవిడే గబగబా గుంటూరుకి చీటీ రాసిచ్చింది. ట్రాలీ ఆటోలో, ఖాళీ మిర్చి గోతాల మీద పడుకోబెట్టి తీసుకెళ్ళాం. ఆ గోతాల ఘాటుకి పిల్ల దగ్గినప్పుడల్లా నొప్పి రెట్టింపయ్యేది. వెంకటేశ్వరమ్మ తలుపు రేకుకి నుదురు కొట్టుకుంటూ కూర్చుంది. గుంటూరులో వెంటనే ఆపరేషన్ చేశారు. పిల్ల బతికింది. మగబిడ్డ. దక్కలేదు.

కుట్లు విప్పి ఇంటికి తెచ్చిన మర్నాడు చూడ్డానికి వెళ్ళాను. నన్ను చూసి వెంకటేశ్వరమ్మ కల్లంలో మిరపకాయలు తిరగెయ్యాలని వెళ్ళిపోయింది. కోటేష్ తల్లి ముసలమ్మ మాత్రం నా పక్కన చతికిలబడి, "మళ్ళీ ఎన్నాళ్ళు ఆగాలి నర్సమ్మా?" అని అడిగింది.

"ముందు దాన్ని ఎదగనివ్వండి తల్లీ, మీకు పుణ్యముంటుంది!" అన్నాను. ముసలమ్మ మూతి ముడుచుకుని లేచి వంటింట్లోకి పోయింది.

ఇక నేనూ శ్రీరమ్యే మిగిలాం. ఆ మాట చెప్పకుండా ఆ గడప దాటలేననిపించింది. "రమ్యా, కార్డు మీద నీ వయసు తప్పు రాసింది నేనేనమ్మా. సరిగ్గా రాసుంటే నిన్ను పొద్దున్నే గుంటూరు పంపేవాళ్ళు. బాబు బతికేవాడేమో. తప్పు నాదే."

ఎవరి సంగతో విన్నట్టు విని తల ఊపింది. తర్వాత వంటింటి వైపు ఓసారి చూసుకుని, గుండెల మీద కప్పుకున్న తువ్వాలు తీసింది. జాకెట్టు రెండు వైపులా తడిసిపోయి ఉంది.

"అమ్మమ్మని అడగాలంటే సిగ్గేసింది," అంది గొంతు తగ్గించి. "బాబు లేడుగా నర్సమ్మగారూ. మరి పాలెందుకొస్తన్నాయి? వాడు లేడని ఒంటికి తెలీదా?"

"తెలీదమ్మా. ఇంకో వారం పడుతుంది," అన్నాను. పాలు ఆగేలా బిగించి కట్టడానికి ఏదైనా పాత గుడ్డ ఉంటే ఇమ్మని ముసలమ్మని కేకేశాను.