బటన్ల పక్కన కార్డు

మా బావ కంపెనీకి కొత్త విజిటింగ్ కార్డు తయారుచేయించాడు. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, మూలన రెక్కలు చాపిన గద్ద. నట్టనడుమ బావ పేరు, దాని కింద మేనేజింగ్ డైరెక్టర్ అని. గద్దకీ లిఫ్టుకీ సంబంధం ఏమిటో ఆ గద్దకే తెలియాలి. నమూనా నా చేతిలో పెట్టి "ఎలా ఉంది మరదలా?" అన్నాడు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. నా పేరు ఎక్కడా లేదు. ఒళ్ళు మండిపోయింది.

మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. తియ్యగా మాట్లాడి కాంట్రాక్టులు తెచ్చేది బావ. తాళ్ళు, బ్రేకులు, తలుపులు చూసేది నేను. పన్నెండేళ్ళుగా ఇదే వరస. మేం చూసే ప్రతి లిఫ్టులోనూ బటన్ల పక్కన మా కార్డు ఒకటి అంటిస్తాం. మిగతా కంపెనీల కార్డులు జేబుల్లోకో సొరుగుల్లోకో పోతాయి. మా కార్డు చదివేవాళ్ళు మాత్రం రెండంతస్తుల మధ్య ఇరుక్కుని, గుండె దడదడలాడుతుండగా చదువుతారు.

పోయిన నెల ఒక రిటైరైన టీచరమ్మ అలాగే ఇరుక్కుపోయింది. పాత కార్డు మీద ఉన్నది ఆఫీసు నంబరు. ఆ ఫోను బావ గదిలో ఉంటుంది. మీటింగులో మోగితే మర్యాద కాదని దాని నోరు నొక్కేసి బల్ల మీద పడేసి పోతాడాయన. ఆవిడ పదకొండుసార్లు చేసింది. నేను రెండు వీధుల అవతలే, ఇంకో లిఫ్టు కింద గోతిలో పనిచేసుకుంటున్నాను. సంగతి తెలిసి పరుగెత్తేసరికి యాభై నిమిషాలు గడిచిపోయాయి. తలుపు తీశాక ఆవిడ తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. కొత్త కార్డు మీద నా పేరు, నా నంబరు ఉండి తీరాలని ఆ రోజే అనుకున్నాను.

"నా నంబరేది బావా?"

"ఆఫీసు నంబరుందిగా. ఇకనుంచి నేనే ఎత్తుతాలే."

"నువ్వా?"

బావ గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నీ పనితనం నాకు తెలియదా? కానీ కార్డు మీద ఆడపేరు కనబడిందనుకో, లిఫ్టు బాగుచేసేది ఈవిడా అని వెనకాడతారు. నీకు కంపెనీ ముఖ్యమా, నీ పేరు ముఖ్యమా?"

"రెండూ."

కంప్యూటరు ముందున్న మా అక్క తల ఎత్తకుండానే "అది అడిగినదాంట్లో తప్పేముందండీ?" అంది. బావ వినబడనట్టు పేపరు తీశాడు.

నేను తిన్నగా ప్రెస్సుకి వెళ్ళాను. ప్రెస్సాయన పక్కన కూర్చుని నాకు కావలసిన కార్డు వేయించాను. తెల్ల అట్ట, మెరుపు వద్దు. పైన "లిఫ్టు ఆగిపోయిందా?" అని ఒక్క వాక్యం. కింద బొటనవేలంత అంకెల్లో నా నంబరు. దాని కింద నా పేరు. అంతే.

"ఇంత ఖాళీ వదిలేస్తే ఎలాగమ్మా? కనీసం ఒక పువ్వన్నా పెట్టనివ్వండి" అని బతిమాలాడు.

"లోపల ఇరుక్కున్నవాళ్ళకి పువ్వెందుకండీ?"

ఆయనకి నచ్చింది. కానీ తల అడ్డంగా ఊపాడు. "ఆర్డరిచ్చింది మీ బావగారు. ఆయన నోటితో ఒక్క మాట చెప్పాలి. నాలుగింటికి నల్లవి మెషినెక్కించేస్తాను మరి."

అప్పటికి మూడు దాటింది. ఐదంతస్తుల బిల్డింగులో తలుపులు సరిచూడాల్సిన పని ఒకటి ఉంది. కాంట్రాక్టు మాట్లాడింది నువ్వే కదా, ఒకసారి చూసిపో అని బావని పిలిచాను. వచ్చాడు. ఆయన నల్ల కార్డు లిఫ్టులో బటన్ల పక్కన నేనే అంటించాను. చూసి మురిసిపోయాడు. "ప్రతి అంతస్తులోనూ ఆగుతూ పైదాకా వెళ్ళిరా బావా, తలుపులు ఎలా పడుతున్నాయో చెబుదువుగాని" అని పంపించి, మెట్లెక్కి డాబా మీది మోటారు గదిలోకి వెళ్ళాను.

మూడో అంతస్తు దాటగానే ఆపేశాను. ఫ్యాను ఉంచాను, దీపం తీసేశాను. మనిషికి ఏమీ కాకుండా చూడటం నా వృత్తి, అందులో లోపం చెయ్యలేదు. తర్వాత మూడో అంతస్తుకి దిగి తలుపు దగ్గర నిలబడ్డాను.

లోపల కేకలు మొదలయ్యాయి. "మరదలా! ఇది ఆగిపోయింది!"

"కార్డు మీద నంబరుకి చెయ్యి బావా."

"ఫోను లైటు వేస్తే తళతళలాడుతోంది, అంకెలు కనబడి చావట్లేదు."

"నీ నంబరే కదా, చూడకుండానే చెయ్యి. ఆఫీసు ఫోను బల్ల మీదే వదిలొచ్చినా, రెండోది ఉందిగా నీ దగ్గర."

చేశాడు. ఇంకోసారి చేశాడు. మూడోసారి కూడా చేశాడు.

"ఎత్తట్లేదు" అన్నాడు.

"ఎవరు ఎత్తట్లేదు?"

బాగా నెమ్మదిగా, "నేనే" అన్నాడు.

నవ్వొచ్చింది. దాంతోపాటు టీచరమ్మ చెయ్యి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

"నాలుగు కావస్తోంది బావా. ప్రెస్సుకి చెయ్యి. నా పేరుతో తయారుచేయించిన తెల్ల కార్డు ఆయన దగ్గరుంది, అదే వెయ్యమను."

"ముందు నన్ను దింపవే తల్లీ!"

"ముందు ప్రెస్సు."

తిట్టాడు. అక్కకి చెబుతానన్నాడు. చెప్పుకోమన్నాను. ఇంకో రెండు నిమిషాలకి ప్రెస్సుకి చేశాడు. లిఫ్టు లోపల సిగ్నల్ అంతంతమాత్రం. ఏది చెప్పినా గొంతు చించుకుని చెప్పాల్సిందే.

"నల్లవి ఆపు! తెల్లవి! తెల్లవి వెయ్యి!... నా పేరు కాదయ్యా, మా మరదలి పేరు!"

ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పాడు. అవతల ఆయనకి వినబడలేదు కాబోలు, మళ్ళీ చెప్పాడు. కింద రెండో అంతస్తులో ఎవరో తలుపు తీశారు. నాలుగో అంతస్తులోంచి ఒకావిడ మెట్ల మీదికి వంగి చూసింది. నేను కదల్లేదు.

"ఆఁ, ఆడపేరే!" అని అరిచాడు మా బావ. "అవునయ్యా, ఆడపేరే! పెద్ద అక్షరాలతో వెయ్యి!"

బిల్డింగు బిల్డింగంతా వింది. నా నంబరు కూడా బావ చేత ప్రెస్సుకి ఒక్కొక్క అంకే చెప్పించి, ఇంకోసారి మళ్ళీ చెప్పించి, అప్పుడు పైకెళ్ళి స్విచ్చి వేశాను.