పెద్దకోడలి తలుపు

శంషాబాద్ నుంచి మహేశ్వరం పోయే దారిలో ఉన్న మా ఊళ్లో ఆకలమ్మ కథ తెలియనివాళ్లు లేరు. కరువు ఏడాది ఒక ముసలమ్మ ఖాళీ ముంత పట్టుకుని పెద్దింటి గడప ముందు నిలబడిందట. పెద్దకోడలు "ఏం లేదు, పో" అని ఆమె మొహం మీదే తలుపు మూసింది. ఆ చప్పుడు విని ముసలమ్మ గడప వదిలింది. చిన్నకోడలు పెరటి దారిన పరుగెత్తి, తన వంతు జొన్నగటక తెచ్చి ఆ ముంతలో పెట్టింది. ముసలమ్మ తిని, గుట్ట కింద కూర్చుని, తెల్లారేసరికి రాయైపోయింది. ఆ రాయే ఆకలమ్మ, దాని చుట్టూ గుడి లేచింది. అప్పటినుంచి ఊరి మొదటి బోనం ఆ ఇంటి చిన్నకోడలిదే.

పెద్దకోడలికి మిగిలినవి తిట్లు. ఏటా బోనాల నాడు కుమ్మరి పోచమ్మ ఆ ముసలమ్మగా ఉపవాసం ఉండి, ముంత పట్టుకుని ఆ ఇంటి ముందుకు వస్తుంది. పెద్దకోడలు తలుపు మూయాలి. ఊరంతా ఆమెను నోరారా తిట్టాలి. తిట్టినవాళ్లే సాయంత్రం అదే ఇంట్లో చాయ్ తాగి పోతారు, అది వేరే సంగతి.

ప్రేమలత ఆ ఇంట్లో కాలు పెట్టినప్పుడు ఆమె ఒక్కతే కోడలు. మరిది మధు ఇంకా చిన్నవాడు. అందుకని అత్త అనంతమ్మ తలుపు మూసి తిట్లు తినేది, ప్రేమలత బోనం ఎత్తేది. అలా ఏళ్ల తరబడి ఎత్తింది. మామూలు రోజుల్లో ఆమె ఎటు పోతోందో ఎవరికీ పట్టదు. ఆ ఒక్కరోజు మాత్రం సర్పంచ్ కూడా పక్కకు జరిగి దారిచ్చేవాడు.

ఎయిర్‌పోర్టు మొదలయ్యాక మధుకు అక్కడ సామాను బండి నడిపే పని దొరికింది. పని దొరకగానే మైలార్‌దేవ్‌పల్లి సంబంధం కుదిరింది. సునీత వచ్చింది. మెడలో తాళి పడుతుంటే అందరూ అక్షింతలు వేశారు. ప్రేమలత కూడా వేసింది గానీ, ఆమె కళ్లకు కనబడింది తాళి కాదు, చెయ్యిజారి పోతున్న తన బోనం.

ఇక చూడండి కుళ్లు. సునీత వండిన పప్పులో ఉప్పెక్కువ. వేసిన ముగ్గు వంకర. నవ్వితే మరీ అంత నవ్వా? ఆషాఢం దగ్గర పడుతుండగా ఆ పిల్ల వచ్చి, బోనం నెత్తిన ఎలా నిలుస్తుందో జర నేర్పమని బతిమాలింది. చంకన బిందె ఎత్తి ఎరగని పిల్లకు ఇదేం వస్తుందిలే అని ప్రేమలత నేర్పింది. కొన్నాళ్లకే సునీత నిండు బిందె నెత్తిన పెట్టుకుని, చేతులు వదిలేసి వాకిలంతా తిరిగింది. ఆ పూట ప్రేమలతకు అన్నం సయించలేదు.

అత్త మాత్రం తేల్చి చెప్పేసింది.

"ఈ యేడు తలుపు నువ్వే ముయ్యాలె. ఇన్నేండ్లు నేను తిన్న తిట్లు ఇగ సాలు."

బోనాల రోజు వచ్చింది. బైండ్ల మొగులయ్య జమిడిక వాయిస్తూ కథ పాడుతున్నాడు. నెత్తి మీద విమానం దిగుతుంటే ఆగి, అది పోయాక మళ్లీ అందుకుంటున్నాడు. పోచమ్మ వచ్చి గడప ముందు ముంత చాపింది. సునీత పెరట్లో గటక గిన్నెతో, తలుపు చప్పుడు ఎప్పుడవుతుందా అని చూస్తోంది. ప్రేమలత తలుపు మీద చెయ్యి వేసింది. జనం తిట్లు నోటి దాకా తెచ్చుకున్నారు.

ప్రేమలత తలుపు మూయలేదు. పొద్దున్నే వండి తలుపు వెనక దాచిన గటక తీసి, పోచమ్మ ముంత నిండా పెట్టింది.

జమిడిక ఆగిపోయింది. పోచమ్మ దిక్కుతోచక మొగులయ్య వంక చూసింది. పెట్టిన ముద్దను అమ్మ కాదనకూడదు. ఒకసారి తిన్నాక రెండోసారి తినకూడదు. ఎవరి గటక తింటే బోనం వాళ్లది. ఇవన్నీ ప్రేమలతకు తెలుసు, తెలిసే చేసింది. పోచమ్మ తిన్నది.

"అమ్మ నా చేతిది తిన్నది. బోనం నాదే," అంది ప్రేమలత, వాకిట్లోకి వచ్చి.

ఆమె భర్త శంకరయ్య తల దించుకున్నాడు. పెరటి దారిన చుట్టి వచ్చిన సునీత గిన్నెతో అలాగే నిలబడిపోయింది. అనంతమ్మ సిద్ధంగా ఉన్న బోనం తెచ్చి పెద్దకోడలి నెత్తికే ఎత్తింది.

ఇక గుడికి కదలాలి. కానీ పోచమ్మ కదలలేదు. నడువు నడువు అని ఎంతమంది అన్నా గడప ముందే ఉండిపోయింది.

"ఎట్ల నడుస్తది?" అన్నాడు మొగులయ్య. "తలుపు సప్పుడైతెనే అమ్మ గడప ఇడుస్తది. తలుపు ముయ్యకుంటె ఇగ గుడేడిది?"

ఇద్దరు కోడళ్లు ఉండగా అత్త మూయకూడదు, తలుపు మూయాల్సింది ఆ ఇంటి కోడలే. నెత్తికెత్తిన బోనం గుడి దాకా దించకూడదు, దానితో మళ్లీ ఇంట్లోకి పోకూడదు. ప్రేమలత కదలలేదు.

సునీత గిన్నె అరుగు మీద పెట్టింది. ఎవరి వంకా చూడకుండా గడప దాటి లోపలికి పోయి, ఇటు తిరిగింది.

"ఏం లేదు, పో," అంది. తలుపు మూసింది.

పోచమ్మ గడప వదిలింది. ఇప్పుడు ఊరు తిట్టాలి. తిట్టడానికి తెరిచిన నోళ్లు తెరిచినట్టే ఉన్నాయి, ఒక్క తిట్టు రాలేదు. అనంతమ్మ వెళ్లి మూసిన తలుపు మీద అరచెయ్యి ఆనించింది.

"నీ కడుపు సల్లగుండ బిడ్డా," అంది.

ఆమె వెనకే ఆడవాళ్లంతా కదిలారు. తలుపుకు పసుపు రాశారు, బొట్టు పెట్టారు, మొక్కారు. పోచమ్మ కూడా వెనక్కి వచ్చి ఆ తలుపును తాకి కళ్లకద్దుకుంది.

ప్రేమలత నెత్తిన బోనంతో, వెలిగే దీపంతో వాకిలి మధ్యలో నిలబడి ఉంది. చేతులు వదిలేసి చూసింది, బోనం చెక్కుచెదరలేదు. చూసినవాళ్లు లేరు. ఊరు ఊరంతా ఆమెకు వీపు తిప్పి తలుపు వైపు చూస్తోంది. ఇప్పుడు ప్రేమలతకు కావాల్సింది బోనం కాదు, ఆ తలుపు.