ఒక్క ఏడాది పుస్తకాలు

రూతమ్మ అప్పటికి రెండో టిష్యూ పెట్టె కోస్తోంది. వంటింటి కత్తెరతో అంచులు తెగ్గోసి, అట్టను గట్టు మీద పరిచి, అరచేత్తో సాపు చేసి, తెల్లటి వైపు పైకి తిప్పింది. ఒక పెట్టెకు ఆరు చీటీలు వస్తాయి. పొద్దున్నే టీ పెట్టి, అది మరిగేలోపు చీటీలు కోసుకోవడం రెండేళ్ళుగా ఆమెకు అలవాటు.

కిటికీ అవతల కువైట్‌లోని దజీజ్ గోదాముల రేకుల మీద ఎండ అప్పుడే తెల్లగా కాగుతోంది. హాలు నిండా తాళ్ళు కట్టిన సామాను. రాజ్యశ్రీ మేడం భర్త ఫణిగారి కాంట్రాక్టు ముగిసింది. నెలాఖరుకు ఇంటిల్లిపాదీ హైదరాబాదు వెళ్ళిపోతున్నారు. రూతమ్మను ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా మంగఫ్ అవతల ఒక అరబ్బుల ఇంటికి మారింది. ఆ ఇంటి కారు సాయంత్రం నాలుగింటికి వస్తుంది.

“రూతమ్మా, ఇంకా ఎన్ని కోస్తావు? మిగిలింది ఒక్క పుస్తకమేగా!” లోపలి గదిలోంచి అనంతరామ్ గారి గొంతు.

“ఒకటి పాడైతే ఇంకోటి ఉండాలి కదండీ. మీరసలే చుక్క తేడా వస్తే మళ్ళీ రాయమంటారు.”

“నాకు కనబడదుగా. తేడా వచ్చిందని చెప్పకు.”

“మీకు కనపడకపోయినా తెలిసిపోద్దండి. అదే నా భయం.”

ఆయన నవ్వారు. ఆ నవ్వు చివర దగ్గు.

అనంతరామ్ గారు రాజ్యశ్రీ మేడం తండ్రి. విజయవాడలో విద్యుత్తు శాఖలో చేసి దిగిపోయిన మనిషి. ఎనభై నిండాయి. చూపు నడిమధ్యలో పోయి అంచుల్లో మాత్రం మిగిలింది. ఎవరైనా ఎదురుగా నిలబడితే మొహం గోడవైపు తిప్పి చూస్తారు. కొత్తవాళ్ళు తమ మీద కోపమేమో అనుకుంటారు. రూతమ్మ కూడా మొదట్లో అలాగే అనుకుని, మూడు రోజులు ఆయన గదిలోకి బెదురుతూ వెళ్ళింది. నాలుగోరోజు ఆయన ఒక కాగితం చేతికిచ్చి చదవమన్నారు. చదివింది. రాయమన్నారు. రాసింది. రాజోలు దగ్గర కాలవ గట్టు బడిలో ఏడో తరగతితో ఆగిన చదువు. అక్షరాలు మాత్రం గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా వస్తాయి.

ఆయన చేస్తున్నది ఒక పట్టిక. పంతొమ్మిదివందల ముప్పైమూడులో తెలుగులో అచ్చయిన పుస్తకాలు, మొదలైన పత్రికలు, ఆగిపోయిన పత్రికలు, జరిగిన సభలు. ఊరూరి గ్రంథాలయాల నుంచి ఫోనుకు బొమ్మలు వస్తాయి. రూతమ్మ వాటిని వేళ్ళతో పెద్దవి చేసి చదువుతుంది. పేరు, ఊరు, అచ్చుకూటం, పుటలు, వెల. చీటీకొక పుస్తకం. ఆ చీటీల వల్లే ఆమెకు ఎప్పుడూ చూడని మనుషులు తెలిశారు. ఆరు సంచికలతో పత్రిక ఆపేస్తూ చందాదార్లను పేరు పేరునా క్షమించమన్న సంపాదకుడు. పందిరి కూలితే రైలుస్టేషనులో సభ ముగించిన కవులు. కువైట్లో ఇరవై రెండేళ్ళుగా నాలుగిళ్ళలో పనిచేసింది. ఒక్క ఇంట్లోనూ ఇంతమందితో పరిచయం కాలేదు.

ఆ ఏడాదే ఎందుకని ఒకసారి అడిగింది.

“మా అమ్మ పుస్తకం వేసింది ఆ ఏడు,” అన్నారాయన. “పదహారేళ్ళ పిల్ల. పదహారు పుటలు. పాటలు కట్టింది. వాళ్ళ నాన్న మురిసిపోయి అచ్చేయించాడు. పెళ్ళయ్యాక మళ్ళీ కలం ముట్టలేదు. ఇంట్లో ఉన్న కాపీలన్నీ చెదలు తిన్నాయి. శ్రీముఖలో వచ్చిందని చెప్పేది. శ్రీముఖ అంటే ముప్పైమూడు.”

శ్రీముఖ గురించి ఆయనే ఆమెకు నేర్పారు. ఆ సంవత్సరం ముప్పైమూడు ఉగాదికి మొదలై, ముప్పైనాలుగు ఉగాదికి గాని అయిపోదు. పాత పుస్తకాల అట్టల మీద తెలుగు నెలే ఉంటుంది. అందుకని రెండు పెట్టెలు పెట్టారు. మార్గశిరం దాకా మొదటిది. పుష్యం వస్తే తిథి చెప్పి తనను అడగాలి. మాఘం, ఫాల్గుణం అయితే అడగక్కర్లేదు, అవి ముప్పైనాలుగు. రెండో పెట్టె. రెండో పెట్టెలో పడ్డది పట్టికలోకి రాదు.

చీరాల వైపు బడిపంతులొకాయన జీతం కూడబెట్టి వేసుకున్న లెక్కల పద్యాలు ఫాల్గుణంలో వచ్చాయి. ఆయన ముందుమాటను రూతమ్మ రెండుసార్లు చదివింది.

“పోనీ, రానిద్దురూ. రెణ్ణెల్లే కదండీ.”

“ఇవాళ ఆయన్ను రానిస్తే రేపు ఇంకొకరు తలుపు కొడతారు. ఏడాదికి గోడ కట్టుకున్నాం. గోడంటే గోడే.”

ఆ చీటీని ఆమె రెండో పెట్టెలో వేసింది.

ఇప్పుడు పట్టిక దాదాపు పూర్తయింది. తెనాలిలో చిన్న ప్రెస్సు ఒకటి పుస్తకంగా వేస్తానంది. ఆఖరి చీటీలు ఇవాళ పంపాలి. ఆయన అమ్మ పుస్తకం ఒక్కటే రావాల్సి ఉంది. అది గుంటూరు జిల్లాలో ఒక పల్లె గ్రంథాలయంలో బయటపడిందని నిన్న కబురొచ్చింది. అట్ట బొమ్మ ఇవాళ పంపిస్తామన్నారు. రూతమ్మ వెళ్ళాక ఆయనకు చదివిపెట్టే మనిషి లేదు.

పదింటికి రాజ్యశ్రీ ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరుతూ ఒక కవరు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది.

“నీ పాస్‌పోర్టు, రిలీజ్ కాగితం ఇందులో ఉన్నాయి. ఆ కొత్త ఇంటి యజమానురాలు, మామా, నీ వయసు చూసి అడిగింది. యాభై నాలుగా, పని చేయగలదా అని.”

“నాకు నలభై ఎనిమిదేనండి మేడం.”

“కాగితం మీద ఉన్నదే వయసు, ఏం చేస్తాం చెప్పు.”

ముప్పై దాటని ఆడవాళ్ళను పంపరని, ఏజెంటు ఆమెకు ఆరేళ్ళు కలిపి జనవరి ఒకటిన పుట్టించాడు. మొదటి ఇంటి మామా ఆ తారీఖున కేకు తెప్పించింది. రూతమ్మ నవ్వుతూ తిన్నది. తను నిజంగా పుట్టింది కాలవలు కట్టేసిన నెలలో, చేపలు పడుతున్న రోజున అని అమ్మ చెప్పేది. ఆ రోజు ఏటా వస్తుంది, పోతుంది. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పినా కాగితం ఒప్పుకోదు. కూతురు జాయ్సీ కూడా ఫోన్లో జనవరి ఒకటినే శుభాకాంక్షలు చెబుతుంది.

అన్నం, పప్పు, బెండకాయ వేపుడు పెట్టింది. మందులు వేసింది. నడుము విరిగినట్టుంది గాని కూర్చోలేదు. వంటగట్టు తుడిచి, స్నానాలగది కడిగి, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి మడతపెట్టింది. మూడింటికి ఆయన ఫోను మోగింది.

“వచ్చిందా?” అన్నారాయన మంచం మీద లేచి కూర్చుంటూ.

“వచ్చిందండి.”

“చదువు. మెల్లగా చదువు.”

బూడిదరంగు అట్ట. నాలుగంచులా తీగ అల్లిక. రూతమ్మ వేళ్ళతో పెద్దది చేసింది.

“మా పెరటి పాటలు.”

ఆయన పెదవులు ఆ మాటల్ని వెనకే పలికాయి.

“రచన, చిరంజీవి కుమారి సుభద్ర. పుటలు పదహారు. వెల అణా.”

“అణానా! అమ్మ ఎప్పుడూ అణాన్నర అనేది. గొప్పకి అర కలిపింది చూశావా!” ఆయన మొహం విప్పారింది. “ఊఁ, తరవాత?”

కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంది. శ్రీముఖ సంవత్సరం, మాఘ శుద్ధ పంచమి.

రూతమ్మ ఆగింది. ఆషాఢం అంటే చాలు. మేడంకు తెలుగు నెలలు రావు. బొమ్మ పంపిన మనిషికి పట్టిక సంగతి తెలియదు. పెద్దయ్యగారు తృప్తిగా పడుకుంటారు. పుస్తకంలో అమ్మ పేరు ఉంటుంది. కాకపోతే ఆవిడ కూడా రూతమ్మలాగే రాని రోజున వచ్చినట్టవుతుంది. రేపు అది అచ్చులో ఉన్నాక ఇంక ఎవరు చెప్పినా కాగితం ఒప్పుకోదు.

“శ్రీముఖ సంవత్సరం,” అంది. “మాఘ శుద్ధ పంచమండి.”

ఆయన చెవి ఆమె వైపు వంచారు.

“మళ్ళీ చదువు.”

చదివింది.

“ఇందాక ఆగావేం?”

“వేరే నెల చెప్పేద్దారనుకున్నానండి.”

“మరి?”

“నోరు రాలేదండి.”

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. అది ఆమెను చూడటానికో, చూడకుండా ఉండటానికో తెలియలేదు.

“చీటీ రాయి,” అన్నారు.

రాసింది. ఎప్పటికంటే గుండ్రంగా రాసింది.

“ఎందులో వెయ్యమంటారండి?”

“నేనే నేర్పాను కదమ్మా.”

రూతమ్మ చీటీని రెండో పెట్టెలో వేసింది. చీరాల పంతులు గారి చీటీ పక్కన పడింది.

“ప్రెస్సుకి?”

“పంపించు. ఉన్నంత వరకే పంపించు.”

ఆయన గోడవైపు ఒత్తిగిలి పడుకున్నారు. రూతమ్మ పంపాల్సిన ఆఖరి చీటీలన్నీ బల్ల మీద పేర్చి ఒక్కొక్కటే ఫొటో తీసి పంపింది. స్నానం చేసి చీర మార్చుకుంది. ఇరవై రెండేళ్ళ సామాను ఒక సంచీలో పట్టింది.

నాలుగింటికి తన ఫోను మోగింది. “యల్లా, నీచే ఆవో,” అంటూ కిందికి రమ్మన్నాడు కొత్త ఇంటి డ్రైవరు.

గదిలోకి వచ్చింది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. అది నిద్రపోయేవాడి ఊపిరి కాదని ఆమెకు తెలుసు. వెళ్ళొస్తానండి అనడానికి నోరు తెరిచింది. ఆ మాట ఆయనను లేపుతుంది, లేచాక ఆయన కూడా ఏదో ఒకటి అనాల్సి వస్తుంది. నోరు మూసుకుంది.

ఆయన ఫోను తీసుకుని తెర ఆరిపోకుండా మీట మార్చింది. అట్ట బొమ్మను పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. తీగలూ వెలా నెలా అన్నీ అంచులు దాటిపోయి ఒక్క మాటే మిగిలేదాకా చేసింది. దిండుకూ గోడకూ మధ్య, ఆయన చూపు అంచు పడేచోట, దాన్ని నిలబెట్టింది.

చెప్పులు చేత్తో పట్టుకుని హాలు దాటింది. తలుపు చప్పుడు కాకుండా వేసింది.

గదిలో గోడకు ఆనుకుని ఫోను వెలుగుతూనే ఉంది. తెర నిండా నల్లగా, అచ్చు కాస్త విరిగి, సుభద్ర.