మునిసామి పటానికి మాల

ఎమ్మెల్యే నవనీతకృష్ణన్ ఎవరింట పెళ్లికి రాకపోయినా చావుకు రాకుండా ఉండేవాడు కాదు. ఉడుమలైపేట చుట్టుపక్కల ఎవరు పోయినా పటానికి తొలి మాల ఆయన చేత్తోనే పడాలి. ఆయన ఓట్లన్నీ చావు ఇళ్లలోనే పండాయని గిట్టనివాళ్లు అనేవారు. నాలుగుసార్లు గెలిచిన మనిషి, ఇక పోటీ చేయనని ఈసారి తప్పుకున్నాడు. ఊరంతా కలిసి కల్యాణ మండపంలో సన్మానం పెట్టింది.

వల్లి కూడా వచ్చింది. చంకలో తువాలు చుట్టిన మొగుడి పటం, చేతిలో బంతిపూల మాల.

ఆమె మొగుడు మునిసామి ఎమ్మెల్యేకు జెండాలు కట్టేవాడు. "నా సావుకు అన్న వస్తాడు, సూడు" అని మురిసిపోయేవాడు. ఓట్లు లెక్కపెట్టే రోజున జెండా కట్టడానికి స్తంభమెక్కి, కరెంటు తగిలి పోయాడు. గెలుపు ఊరేగింపులో ఉన్న అన్న రేపొస్తానని కబురంపాడు. ఆ రేపు ఏళ్లు గడిచినా రాలేదు.

పటానికి వల్లి ఎవరినీ మాల వేయనివ్వలేదు. బొట్టు తీయలేదు, ఏడవలేదు. మాల పడని మనిషి ఎక్కడికి పోతాడు? రోజూ దీపాలవేళ గడప దగ్గర మునిసామి దగ్గు వినబడుతుంది. "అన్న వచ్చినాడా?" అని అడుగుతాడు. ఎవరికీ చెప్పుకోలేక ఆమె భయంతో సగమైపోయింది. పదవి దిగాక ఆయన ఇక ఎవరి గడప తొక్కుతాడు? ఇదే ఆఖరి అదను. ఆయన చేత మాల వేయిస్తే మునిసామి వెళ్లిపోతాడు.

శాలువాలు కప్పేవాళ్ల వరుసలో నిలబడి వేదిక ఎక్కింది. మాల కనబడగానే నవనీతకృష్ణన్ అలవాటుగా మెడ వంచాడు. జనం చప్పట్లు కొట్టారు.

"మీకు కాదన్నా" అంటూ వల్లి తువాలు విప్పింది. "ఈయనకి. మీ చేత్తో వెయ్యండి."

ఆయన కళ్లజోడు సర్దుకుని పటం చూశాడు. నవ్వు చెదరకుండానే, "శానా కళైన మొకం. యెవురుమా ఈయన?" అన్నాడు.

వల్లి చెవి పక్కనే ఆ దగ్గు వినబడింది. ఈసారి ప్రశ్న రాలేదు.

"విన్నావా మామా" అంది పటంతో. "అన్నకి నువ్వు గుర్తు లేవు. ఇంక కాసుకోవద్దు, పో."

మాల తనే వేసింది. వేదిక మీదే కూలబడి, ఆనాడు ఏడవాల్సిన ఏడుపంతా గొంతెత్తి ఏడ్చింది. నవనీతకృష్ణన్ చేతులు కట్టుకుని, తల దించుకుని పక్కన నిలబడ్డాడు. చావింట్లో ఎలా నిలబడాలో ఆయనకు బాగా తెలుసు.