కామాక్షయ్యకు పదికి పది

ఒక మనిషికి పూటకెంత అన్నమో చూపించడానికి గరిటెడు బియ్యం పళ్ళెంలో పోసి, చూసేవాళ్ళెవరూ లేక ఎస్తేరమ్మ మళ్ళీ డబ్బాలోకే వంపేసింది. షుగరు రోగులంతా పక్కగదిలో కంప్యూటరు ముందున్నారు.

చిట్టమూరు వైపు, సరస్సు ఒడ్డునున్న ఆ చిన్న ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా షుగరు రోగులకు తిండి సంగతీ, సూది సంగతీ, పాదాల సంగతీ చెప్పడం ఆమె పని. మనిషి పొట్టి, గొంతు మాత్రం పడవలరేవు దాకా వినిపిస్తుంది. తిట్టి చెబుతుంది, బతిమాలి చెబుతుంది. పోయిన నెల ఆ పని కంప్యూటరుకు అప్పజెప్పారు. తెరమీద బొమ్మ పాఠం చెప్పి పది ప్రశ్నలు అడుగుతుంది. అవుననో కాదనో వేలితో నొక్కితే మార్కులు వేస్తుంది. ఎస్తేరమ్మకు మొదటిరోజు నుంచీ దానిమీద అనుమానమే. తిట్టని పంతులు దగ్గర ఎవడికి చదువొచ్చింది గనక!

"అక్కా, కామాక్షయ్య తాతకి పదికి పది!" కంప్యూటరు చూసుకునే రేవతి గుమ్మంలోంచి కేకేసింది.

పదికి పదా? రొయ్యలు పట్టే కామాక్షయ్యకా? మాత్ర తిండికి ముందో తర్వాతో ఏడాదైనా గుర్తుండని మనిషి! ఇందులో ఏదో మతలబు ఉంది.

"నువ్వు నొక్కినావా రేవతీ?"

"నీ మీద ఒట్టు, నేను తాకలా. దానిమీద నీకు కుళ్ళక్కా."

కుళ్ళే. కాదని ఎట్లా అంటుంది? అయినా కాలు నిలవక పక్కగదికి వెళ్ళింది.

కామాక్షయ్య బల్లమీద ఒదిగి కూర్చున్నాడు. అరవై దాటిన వయసు, ఉప్పునీళ్ళకు పగిలిన కాళ్ళు. అంత ఉక్కలోనూ ఒళ్ళు సన్నగా వణుకుతోంది.

"ఏందన్నా, వణకతా ఉండావ్?"

"రేత్రి నించి చలిజరం మా. ఏంలేదులే."

"చెప్పుల్లేకుండా నడస్తా ఉండావా?"

"లేదు మా. కంపూటరుకి గూడా అదే చెప్పినా. ఇంట్లో గూడా చెప్పులే."

అబద్ధమాడే మనిషి కాదు. ఎస్తేరమ్మ తడబడింది. ఏమడగాలో తోచక నోటికొచ్చింది అడిగింది.

"మరి పడవలో?"

కామాక్షయ్య ఆమెను వింతగా చూశాడు. "పడవలో చెప్పులేంది మా! గంగమ్మ తల్లి గదా. నీళ్ళలోకి దిగినా అంతే. కాలితో తడివితేనే గదా రొయ్య తెలిసేది."

ఆయన లెక్కలో పడవా నీళ్ళూ నడిచే చోట్లు కావు. నడకేమో, ఎప్పుడూ చెప్పులతోనే. ఎస్తేరమ్మ ఆయన కాళ్ళ దగ్గర కింద కూర్చుంది.

"కాలు పైకి పెట్టు."

"ఆడమనిషివి, నా కాలు పట్టుకుంటావా?"

"నోరు మూసుకొని పెట్టన్నా!"

కుడిపాదం చిటికెనవేలి కింద నల్లగా కుళ్ళింది. ఎరుపు మోకాలి దాకా పాకింది. పట్టకారుతో కదిపితే గోరంత ఆల్చిప్ప ముక్క ఊడొచ్చి ట్రేలో పడింది. షుగరుకు మొద్దుబారిన కాలు, కామాక్షయ్య కనీసం వెనక్కి లాక్కోలేదు.

"ఇదెప్పుడు దిగిందబ్బా?" అన్నాడు, ఎవరి కాలో చూస్తున్నట్టు.

డాక్టరు చూసి, విషం రక్తంలోకెక్కింది, వెంటనే నెల్లూరుకు పంపమన్నాడు. అంబులెన్సు ఎక్కిస్తుంటే కామాక్షయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"కాలు తీసేస్తారా మా? కాలు లేకపోతే నేనేం పట్టేది, ఏం తినేది?"

"తియ్యరులే. నేను ఫోన్ చేసి చెప్తా." ఎవరికి చేస్తుందో ఆమెకే తెలియదు.

బండి వెళ్ళిపోయాక, ఉన్నమాట చెప్పాలంటే, ఎస్తేరమ్మకు సంతోషమే వేసింది. కనిపెట్టింది తనే గదా, ఆ పెట్టె కాదు గదా!

"పడవ సంగతి దీంట్లో లేదక్కా, పెట్టమని రాస్తా," అంది రేవతి. "నువ్వు పాఠం చెప్పేటప్పుడు రోజూ అడిగేదానివా?"

పదకొండేళ్ళు. చెప్పులేసుకున్నావా అంటే ఏసుకున్నా మా అనేవాళ్ళు. అక్కడితో సరి.

"అడిగేదాన్ని," అంది ఎస్తేరమ్మ, రేవతి మొహం చూడకుండా.

నాలుగింటికి కామాక్షయ్య కొడుకు వినోద్ ఫోన్ చేశాడు. వెంకటాచలం దాటకముందే నాయన పోయినాడమ్మా, అన్నాడు. ఎస్తేరమ్మ సరే నాయనా అంది. ఇంకేమనాలో తెలియక మళ్ళీ సరే అంది. ఫోను పెట్టేశాక ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, కడగాల్సినవి కడుగుదామని లేచింది.

ట్రేలో ఒక మూల ఆ ఆల్చిప్ప ముక్క ఉంది, ఒకవైపు రక్తం ఎండిపోయి, రెండోవైపు తెల్లగా మెరుస్తూ.